పాత ఫాంటుతో పోయిన పాట

మా ఆయన పోయి ఏడాది అవుతోందని ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మావాళ్లలో ఆ రోజు వాకిట్లో షామియానా వేసి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లకి భోజనాలు పెడతారు. ఆయన చర్చికి పాటలు రాసేవారు. కాబట్టి ఆ రోజు ఆయన ఆఖరి పాటే పాడించాలని నా పట్టుదల.

ఆ పాట కాగితం మీద లేదు, కంప్యూటర్లోనే ఉంది. చేతివణుకుతో పెన్ను పట్టలేక, మంచం మీద కీబోర్డు పెట్టించుకుని ఒక్కో అక్షరమే కొట్టుకున్నారు. పల్లవి మాత్రం నాకు పాడి వినిపించారు. చరణాలేవండీ అంటే, "పూర్తవనీవే, కంగారెందుకు" అన్నారు. అయిపోయిందని చెప్పిన రోజు సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఆ తరవాత ఆ ఫైలు తెరవడానికి నాకు చెయ్యి రాలేదు.

కూడిక దగ్గర పడ్డాక గుండె చిక్కబట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆన్ చేస్తే చాలు, ఆయన తెలుగు టైపు చేసుకునే పాత సాఫ్ట్‌వేర్ ఏదో పనిచేయడం లేదని తెర మధ్యలో ఓ డబ్బా వచ్చి కూర్చునేది. మూస్తే ఇంకోటి. ఏ పనీ సాగనిచ్చేది కాదు. విసుగొచ్చి కాకినాడలో ఉన్న మా మరిదికి ఫోన్ చేశాను.

"ప్రోగ్రాం ఒక్కటీ తీసేస్తే చాలదండీ వదినగారూ. దాని ఫోల్డర్లూ, ఫాంట్లూ, తోకలూ ఎక్కడికక్కడ ఉండిపోతాయి. అవన్నీ ఏరేస్తేగానీ పీడ వదలదండి" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఏ మూల ఏం మిగిలినా నాకు నిద్ర పట్టదు. ఆయన బతికున్నప్పుడు, దీనికి మనుషులకన్నా డెట్టాల్ అంటేనే ప్రేమ అని నలుగురిలో ఏడిపించేవారు. మరిది ఫోన్లో చెబుతూంటే నేను ఒక్కోటీ వెతికి తీసేశాను. చివర్న చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పాట ఉన్న ఫైలు జోలికి మాత్రం పోలేదు. గిన్నె పారేసినంత మాత్రాన వండి పెట్టిన కూర పోదు కదా అనుకున్నాను. కంప్యూటర్ ఏ అడ్డూ లేకుండా చకచకా తెరుచుకుంటూంటే నాకు భలే సంతోషం వేసింది.

అప్పుడు పాట తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు, ఏ భాషవో తెలియని గుర్తులు పేజీ నిండా ఉన్నాయి. మూసి మళ్లీ తెరిచాను. అవే.

మరిదికి మళ్లీ ఫోన్ చేశాను. "ఆ అక్షరాలు ఆ ఫాంటులోనే కనబడతాయండీ. తీసెయ్యమన్నది నేనే" అన్నాడు.

పెన్‌డ్రైవ్ పట్టుకుని అమలాపురం వెళ్లాను. పెళ్లికార్డులు వేసే ఓ డీటీపీ కొట్టాయన తన దగ్గరున్న పాత ఫాంట్లన్నీ మార్చి మార్చి చూశాడు. ఒకదాంట్లో తెలుగు వచ్చింది. ఆశగా వంగి చదివితే అక్షరాలు మనవే, మాటలు కావు.

"ఇది మా దగ్గరది కాదండి. ఎవరో సొంతంగా చేసుకుని అమ్మినట్టున్నారు. దాని సీడీ ఉంటే తేగలరా అండీ?" అన్నాడు.

ఆ అమ్మిన కొట్టు రాజోలులో ఉండేది, ఎప్పుడో ఎత్తేశారు. సీడీ ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు. జామకాయలు చిలకలు కొట్టేస్తున్నాయని, మెరుపుకి బెదిరిపోతాయని, పాత సీడీలన్నీ ఆయనే దారాలు కట్టి పెరట్లో జామచెట్టుకి వేలాడదీశారు. ఇంటికొచ్చి చెట్టుకింద నిలబడ్డాను. అవి ఎండకీ వానకీ పొరలు లేచిపోయి, అవతలి కొబ్బరిచెట్లు కనబడేంత పల్చబడి ఉన్నాయి. ఆయన మీద కోపం వచ్చింది. తిట్టడానికి మనిషి లేడని గుర్తొచ్చి అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఏం చెయ్యాలో తోచక, ఆ పిచ్చిగీతల పేజీనే ప్రింటు తీయించాను. చూడగా చూడగా ఒకటి పట్టుబడింది. ప్రతి ముక్క చివరా ఒకే వరస గుర్తులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అది పల్లవి. నాకు తెలిసిందీ అదొక్కటే.

కూడిక రోజు పాస్టరుగారు ప్రార్థన చేసి నా వైపు చూశారు. కాగితం పట్టుకుని లేచాను. పల్లవి ఎత్తుకుంటే చర్చి ఆడవాళ్లు అందుకున్నారు. బాగా వచ్చింది. తాళం వేస్తూ అందరూ చరణం కోసం ఆగారు.

"చరణం ఎత్తండమ్మగారూ" అంది పక్కింటావిడ, మెల్లిగా.

కాగితం వైపు చూశాను. ఆయన చివరిసారి చెప్పిందంతా నా చేతిలోనే ఉంది. వాకిలంతా నా నోటి వంకే చూస్తోంది. నేను మళ్లీ పల్లవే ఎత్తుకున్నాను.