సంత బొమ్మలో మా బాబాయి

ఈ రోజు నరసరావుపేట బడిలో గీసిన బొమ్మల ప్రదర్శన పెట్టారంటే మా పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లాను. మాచర్ల సంత బొమ్మ ముందు ఆమె కదలకుండా నిలబడిపోయింది. అందులో ఎడ్లబండికి ఆనుకుని నవ్వుతున్న మనిషి, ఏనాడూ ఫొటో దిగకుండానే పోయిన మా బాబాయి!

చాలా ఏళ్ల కిందట ఆ సంతలోనే కూర్చుని గీశానన్నాడు చిత్రకారుడు.

"ఏంది నాయనా, మా ఆయన్ని ఇంత నల్లగా ఏశావు?" అంది పిన్ని, కళ్లు తుడుచుకుంటూ.

"ఆ రోజు ఎండ చానా ఎక్కువమ్మా. రంగు సరిచేసేదా?"

"వద్దులే. ఎండనబడే తిరిగేవోడు. అట్నే ఉండనీ."

చిత్రకారుడు ఆ బొమ్మను గోడ మీంచి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఇంటికొచ్చాక పిన్ని దాన్ని వంటింట్లోనే పెట్టమంటోంది. పొయ్యి పొగకు పాడవుతుందంటే, "రోజంతా నేనుండేది ఆడనేగా" అంటోంది. మీరైతే ఏ గోడకు తగిలిస్తారు?