వీరమ్మ గిల్లిన చామంతులు

ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప వేసే రైతులకు వీరమ్మను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మోకాళ్లు మాట విన్నన్నాళ్లు కలుపుతీత ముఠాకు ఆమే పెద్ద. మిరప మొలకా కామంచి మొలకా పసిగా ఉన్నప్పుడు ఒకేలా ఉంటాయి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు మిరపను పీకేసి కామంచిని వదిలేసేవాళ్లు. వీరమ్మ మాత్రం పక్క సాలులో మనిషితో మాట్లాడుతూ, ముఖం అటే పెట్టి, వేళ్లతో తడిమి కామంచిని తీసేది. పీకినదాన్ని మట్టి దులిపి వేళ్లు పైకుండేలా తిరగేసి పడేసేది. అట్లా వేయకపోతే ఒక్క జల్లు పడితే చాలు, మళ్లీ నాటుకుంటుంది.

తర్వాత చేలల్లోకి గడ్డిమందు వచ్చింది. కలుపుతీతకు ముఠాలను పిలిచే రైతులు తగ్గారు. వీరమ్మ ముఠా పత్తి తీతకూ మిరపకాయ కోతకూ మాత్రమే మిగిలింది.

ఆ గడ్డిమందు కొట్టేవాడు గౌస్ బాషా. అదే ఊరివాడు. వీపు మీద ట్యాంకుతో గట్టు మీద కనిపిస్తే ఆడవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

"వచ్చాడమ్మా, మన కూటి మీద మందు కొట్టడానికి!"

"నేను కొట్టకపోతే ఇంకోడు కొడతాడు పిన్నీ," అనేవాడు బాషా.

"ఆ ఇంకోడు కొడితే సగం గడ్డి బతుకుద్ది, మాకు పనుంటది. నువ్వు కొడితే చచ్చూరుకుంటది. అదేరా మా ఏడుపు!" అనేది వీరమ్మ.

తిట్టే అయినా అందులో మెప్పు ఉంది. బాషా పనిమంతుడు. పురుగుమందుకు ఒక ట్యాంకు, గడ్డిమందుకు ఇంకొకటి. రెంటినీ ఎప్పుడూ కలపలేదు. గడ్డిమందు ట్యాంకుకు ఎర్రగుడ్డ కట్టి ఉంచేవాడు, ఇంట్లోవాళ్లు కూడా పొరపాటున తీయకుండా. గాలి ఉంటే ఎంత పెద్ద రైతు పిలిచినా ట్యాంకు దించేవాడు. మాటలు మాత్రం తక్కువ. ఏం చేయాలో చెప్పేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు.

వీరమ్మకు సెంటు పొలం లేదు. ఇంటి వెనక, గోడ వెంబడి ఒక మడి ఉంది. అందులో పసుపు చామంతులు. ఏటా పూలయ్యాక పిలకలు దాచి, తొలకరికి మళ్లీ నాటుతుంది. మొక్క జానెడు పెరగ్గానే చిగుళ్లు గిల్లుతుంది. గిల్లిన చోట పక్కకొమ్మలు వస్తాయి, కొమ్మకో గుత్తి పూస్తుంది. చర్చిలో పంటల పండుగనాడు అందరూ తమ పంటలోంచి తొలిభాగం తెస్తారు. మిరపకాయల బస్తా, పత్తి మూట, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరికున్నది వాళ్లు. వీరమ్మ చామంతుల బుట్ట తెస్తుంది. జీవితమంతా ఊళ్లోవాళ్ల పంటకు చాకిరీ చేసిన మనిషికి, నాది అని దేవుడి ముందు పెట్టుకోవడానికి ఉన్న పంట అదొక్కటే.

మొన్న వానాకాలంలో ఆమె మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. గొంతుక్కూర్చోలేకపోయింది. ఆ సందు చూసుకుని మడిలోకి తుంగ దిగింది. తుంగ మిగతా గడ్డి లాంటిది కాదు. కింద గడ్డ ఉంటుంది, పైన పీకితే ఒకటికి రెండు లేస్తాయి. చామంతుల మొదళ్లు కనపడకుండా పోయాయి.

కోడలు జాస్మిన్ రెండు ఉపాయాలు చెప్పింది. మొదటిది, మడి తీసేసి సిమెంటు చేయించడం. దానికి వీరమ్మ ఒక్క చూపు చూసింది. రెండోది, ఫోన్లో చూసిన వీడియో. ఉప్పు, వెనిగరు, అంట్లు తోమే సబ్బునీళ్లు కలిపి చల్లడం.

వీరమ్మ బాషాను పిలిపించింది.

"ఇన్నేళ్లూ మా పని పోగొట్టావు. ఇప్పుడు నా పని చేసిపెట్టు," అంది.

బాషా నవ్వి, మడి పక్కన కూర్చుని ఒక తుంగ మొక్కను గడ్డతో సహా తవ్వి చూశాడు.

"ఉప్పునీళ్లు పోద్దామా అన్నా?" అని అడిగింది జాస్మిన్.

"వద్దమ్మా. తుంగ ఎండుద్ది, గడ్డ మిగులుద్ది. ఉప్పు మట్టిలో ఉండిపోద్ది. చామంతి బతకదు."

"మరి కొట్లో మొక్కజొన్నకు ఇచ్చే మందు?" అంది వీరమ్మ. "తుంగ ఒక్కటే చస్తదంటగా."

"మొక్కజొన్న తట్టుకుంటది కాబట్టి మొక్కజొన్నకు ఇస్తారు. చామంతికి కొట్టమని ఎవరూ చెప్పలా."

"ఆకు మాడ్చే మందుంది కదరా, సాయంత్రానికల్లా నల్లబడుద్ది?"

"చూడ్డానికి బాగుంటది. వారానికి మళ్లీ లేస్తది. ఆకులోంచి గడ్డ దాకా దిగే మందు కావాలి. అది నెమ్మదిగా చంపుద్ది. కాకపోతే దానికి తుంగా చామంతీ తేడా తెలవదు. ఆ తేడా నేను చూసుకోవాలి."

చూసుకున్నాడు కూడా. గాలి పడిపోయిన సాయంత్రం వచ్చాడు. మందు పక్కలకు చెదరకుండా నాజిల్‌కు టోపీ తొడిగాడు. ఒక్కో చామంతి మీద బక్కెట్టు బోర్లించి, చుట్టూ తుంగ మీద మాత్రమే మందు పడేట్టు కొట్టి, బక్కెట్టు బయట తుడిచి, తర్వాతి మొక్కకు జరిపాడు. ఒక ఎకరం పత్తిచేనుకు పడే శ్రమ ఆ గోడ పక్కన పడ్డాడు. చామంతుల మీద ఒక్క చుక్క పడలేదు.

పోతూ, "నేనొచ్చి చూసేదాకా ఇందులోకి రావద్దు పిన్నీ," అన్నాడు.

"సరేలేరా," అంది వీరమ్మ.

మర్నాడు తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఆమె పెరట్లోకి వెళ్లింది. తుంగ పచ్చగా, మంచుతో తడిసి అట్లాగే ఉంది. ఒక పోచ పట్టుకుని లాగింది. అంతకుముందు వానలకు నేల మెత్తబడి ఉండటాన తేలిగ్గా వచ్చేసింది. మందు వేళ్లను వదులు చేసిందనుకుంది. కళ్ల ముందు కలుపు పెట్టుకుని చూస్తూ కూర్చోవడం ఆ చేతులకు ఎన్నడూ అలవాటు లేదు. గోతాం పరుచుకుని, కాళ్లు చాపుకుని, జరుగుతూ జరుగుతూ మడంతా పీకింది. మట్టి దులిపి, వేళ్లు పైకి పెట్టి వరసగా వేసింది. పీకేసరికి చామంతులు తేటగా కనిపించాయి. చిగుళ్లు గిల్లే అదను దాటిపోతోంది. ఎలాగూ కూర్చుంది కదా అని ఒక్కో చిగురూ గిల్లుకుంటూ వచ్చింది. బట్టలుతికే బండ దగ్గరున్న చివరి మొక్క దాకా వచ్చేసరికి మోకాళ్లు ఇక జరగనివ్వలేదు. దాన్ని వదిలేసి, గోడ పట్టుకుని లేచింది.

మందుకు తుంగ పసుపుబారాల్సిన వేళకు బాషా చూడటానికి వచ్చాడు. మడి శుభ్రంగా ఉంది. ఆ శుభ్రంలోంచి సూదుల్లా కొత్త తుంగ మొనలు లేస్తున్నాయి.

"ఎవరు పీకారు?"

"ఎవరు పీకుతార్రా, నేనే. భలే మందు తెచ్చావు, లాగితే వచ్చేసింది!"

బాషా చామంతుల మీదికి వంగాడు. గిల్లిన చోట కొమ్మలు రావడం లేదు. పాలిపోయిన సన్నటి ఆకులు, దారప్పోగుల్లాంటివి, గుత్తులుగా ముడుచుకుని వస్తున్నాయి.

"గిల్లావా పిన్నీ?"

"గిల్లా."

"తుంగ పీకిన పొద్దునేనా?"

"ఆ పొద్దునే. పీకటం అవంగానే..." అంటూ ఆమె ఆగి తన చేతులు చూసుకుంది.

"చేతులు కడిగావా?"

"కొంగుకు తుడుచుకున్నా."

మంచుకు తడిసిన మందు ఆమె వేళ్లకు అంటుకుంది. ఆ వేళ్లతోనే గిల్లిన ప్రతి పచ్చిగాయంలోకీ దిగింది. పీకేయడంతో తుంగ గడ్డల్లోకి దిగాల్సింది మాత్రం దిగలేదు.

"రావద్దన్నానుగా," అన్నాడు బాషా.

"నాకేమన్నా అవుద్దని అన్నావనుకున్నా. ఈ వయసులో నాకేమైతే ఏందిలే అనుకున్నా. మొక్కలకవుద్దని ఒక్క మాట చెప్తే వచ్చేదాన్నా బాషా?"

ఆ సాయంత్రం అతను చేయాల్సిందంతా చేశాడు. ట్యాంకు కడిగాడు, గాలి చూశాడు, బక్కెట్టు తుడిచాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి పట్టే సేపు ఎంత? చేతిపని సరిగ్గా చేస్తే మిగతాదంతా దానంతటదే సరిపోతుందని అన్నేళ్లూ నమ్మాడు.

ముడుచుకున్న చిగుళ్లను కిందికంటా కత్తిరించి చూశారు. కింద నుంచీ అవే ఆకులు వచ్చాయి. కొన్ని మొక్కలు అట్లాగే గిడసబారి నిలబడ్డాయి, కొన్ని ఎండిపోయాయి. ఏదీ పూయలేదు. బండ దగ్గర గిల్లకుండా వదిలేసినది మాత్రం ఒంటి కాడగా పొడుగ్గా సాగి, గోడకు ఆనుకుని, కొసన నాలుగు పూలు పూసింది.

పండుగ ముందురోజు బాషా గుంటూరు పూలమార్కెట్టు నుంచి సంచి నిండా పసుపు చామంతులు తెచ్చాడు.

"కొన్నవి నా పంటెట్లా అవుద్దిరా?" అంది వీరమ్మ. కోపంగా అనలేదు. సంచి కోడలికి ఇచ్చి గుమ్మానికి మాల కట్టమంది.

మర్నాడు ఎప్పటి పెద్ద బుట్టనే పట్టుకుని, జాస్మిన్ భుజం ఆసరాతో చర్చికి వెళ్లింది. చిన్న పళ్లెం తీసుకుందామని కోడలంటే వినలేదు. బుట్ట అడుగు అల్లిక కనపడుతూనే ఉంది. దాంట్లో ఆ నాలుగు పూలు. మిరప బస్తాల పక్కన పెట్టి వచ్చి వెనక కూర్చుంది. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాట మొదలైంది. బస్తాలు, కోళ్లు, గుమ్మడికాయలు ఒక్కొక్కటే వేలానికి వెళ్లాయి. పాస్టరు గారు వీరమ్మ బుట్టను మాత్రం పాటకు పెట్టలేదు, బల్ల మీదే ఉంచేశారు. అది మర్యాదో జాలో ఆమెకు తెలియలేదు. ఏటా ఆమె పూల కోసం పోటీపడి పాడేవాళ్లు. ఆ కేకల కోసం ఆమె చివరిదాకా చూసి, లేచి వచ్చేసింది.

పండుగ వెళ్లాక ఒక పొద్దున బాషా వచ్చాడు. వీపు మీద ట్యాంకు లేదు, చేతిలో చిన్న గునపం ఉంది. ఒంటిమొక్క పిలకలను వీరమ్మ అప్పటికే పాత కుండలోకి మార్చింది. మడి నిండా మళ్లీ తుంగే.

బాషా కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు. వీరమ్మ కుర్చీలోంచి చూస్తోంది.

"అట్లా కాదురా. దూరంగా దించు."

అతను గునపం ఆపాడు. "ఎందుకు పిన్నీ?"

"దగ్గర దించితే గడ్డ తెగుద్ది. తెగిన ముక్క మళ్లీ లేస్తది. గడ్డ నుంచి పోయే వేరుపోగు వెంబడి పో, దాని చివర ఇంకో గడ్డుంటది. తీసింది మట్టిలో వెయ్యబాక, ఈ చేటలో వెయ్యి. అవి ఎండకు బాగా మాడాలి."

అతను పోగు వెంబడి వెళ్లాడు. గడ్డ దొరికింది, దాని వెనక ఇంకొకటి. ఒకటి తెగింది. వీరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, అతని వేళ్ల వంకే చూస్తూ, తెగిన ముక్క ఎటు పోయిందో చెప్పింది. ఎండ ఎక్కేసరికి మూరెడు నేల తేలింది. మిగతా మడంతా పచ్చగా, నిగనిగలాడుతూ తుంగ.