రగ్బీ ఫైనల్ మీద చెంబెడు నీళ్లు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. సముద్రాల అవతల ఆడేటోళ్ల కాళ్ల మీద కొత్తపేటల నిలబడి నీళ్లు పోసి, పక్కింటోళ్ల టీవీని పొట్టన పెట్టుకున్న ముచ్చట చెప్తా.

కొత్తగా పెండ్లయి నల్లగొండ దిక్కు నుంచి పట్నం వచ్చిన. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు. కిరాయి గదిల నాతోని మాట్లాడేది కుక్కరొక్కటే. అది గూడ మూడు విజిళ్లేసి ఊకునేది. గోడ అవతల సుశీలగారి ఇల్లు, విజయవాడ దిక్కోళ్లు. వాళ్లు నవ్వితే, ఎందుకో తెల్వకున్నా ఇవతల నేను గూడ నవ్వేదాన్ని.

ఒక ఆదివారం సుశీలగారు తలుపు కొట్టింది.

"మా అమ్మాయి లావణ్య కాలేజీలో రగ్బీ ఆడుతుంది కదా, ఇవాళ దేశాల పోటీ ఫైనలట. స్నేహితురాళ్లంతా వస్తున్నారు. మీరూ రండి వదినగారూ."

"రగ్బీ అంటే ఏంది వదినా?"

"గుడ్డు లాంటి బంతి కోసం ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. నాకూ అంతవరకే తెలుసు."

పట్నంల నన్నొకరు పిలుచుడు అదే మొదలు. పట్టుచీర కట్టి, పూలు పెట్టుకొని, లగ్గానికి పోయినట్టు పోయిన. ఆడపిల్లలు జరిగి చోటిచ్చిండ్రు. మళ్ల పిలవాలె గదా, అందుకే ఊకె కూసోక మంచినీళ్లు తెస్తనని లేచిన.

చెంబు నింపుకొని వచ్చేసరికి టీవీల న్యూజిలాండోళ్లు. ఒక్కొక్కడు బియ్యం బస్తా తీరు. తొడలు కొట్టుకుంటున్నరు, కాళ్లు నేలకు దంచుతున్నరు, గుడ్లురిమి నాలుక బయట పెట్టిండ్రు. మా ఊర్ల బోనాలకు పోతరాజు గిట్లనే ఇంటి ముందట ఎగురుతడు. ఆడోళ్లం కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతం. చిన్నప్పటి అలవాటాయె, చెయ్యి నన్ను అడగనే లేదు. వంగి, వాళ్ల కాళ్ల కాడ చెంబెడు కుమ్మరించి దండం పెట్టిన.

టీవీ టప్పుమన్నది. న్యూజిలాండ్ మాయం.

"ఆంటీ, ఏం చేశారు?" అన్నది లావణ్య.

"పూనకమొచ్చిందనుకున్న బిడ్డా."

"అది ఆటకు ముందు వాళ్లు చేసే డాన్స్ ఆంటీ."

"మరి గంత కోపమెందుకు వాళ్లకు?"

పిల్లలంత చెప్పులేసుకొని, మిగిలిన ఆట చూద్దమని ఎల్బీనగర్ల దోస్తు ఇంటికి ఉరికిండ్రు. సుశీలగారు "పర్లేదులెండి" అన్నది గని, నేల తుడుస్తూ నా ముఖం చూడలే.

పట్టుచీర విప్పకుంటనే నా గదిల కూసున్న. గోడ అవతల సప్పుడే లేదు. దొరికిన ఒక్క ఇల్లు గూడ నీళ్లపాలాయె. ఆ పూట కుక్కర్‌ను గూడ పలకరించలే.

చీకటి పడుతుంటే ఎవరో తలుపు కొట్టిండ్రు. లావణ్య, ఎనక పిల్లలంత, ముఖాలు గంటు పెట్టుకొని.

"ఎవరు గెలిచిండ్రు బిడ్డా?" అని అడిగిన.

"న్యూజిలాండ్ ఓడిపోయింది ఆంటీ. మీరు కాళ్లు తడిపేశారు కదా, అందరూ జారిపడ్డారు."

నిజమేననుకొని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న. అందరు పకపక నవ్విండ్రు. ఆ నవ్వు గోడ ఇవతల, నా గదిల. కూసోబెట్టి కుక్కర్ పెట్టిన.

గా దినం అన్నం కుండ మీద ఒట్టేసిన: ఇగ ఎవరెంత ఎగిరినా, నడుమ టీవీ అద్దముందో లేదో తడిమి చూడకుంట నీళ్లు పొయ్య.

మీ ఇల్లు చల్లగుండాలె, మీ టీవీ పొడిగుండాలె. మీ తలుపు కొట్టే చెయ్యి ఎన్నడూ కరువు కావద్దు.