నడిఏట్లో ఈవల, ఆవల

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన కొద్ది ఏళ్లకు నన్ను అమలాపురం తాలూకా కచేరీలో తర్జుమా గుమాస్తాగా వేశారు. దొరల ఇంగ్లీషు హుకుములను తెలుగు చేసి, తహసీల్దారు గారి మొహరు వేయించి, జనానికి చదివి వినిపించడం నా పని.

అప్పటి సబ్‌కలెక్టరు దొర ముసలివాడు. ఆయన ఇంగ్లీషు ఆయనకంటే ముసలిది. కుర్ర దొరలు ‘హియర్’, ‘దేర్’ అని తేల్చేసే చోట ఈయన ‘హిదర్’, ‘థిదర్’, ‘విదర్’ అని రాసేవాడు. తోటి గుమాస్తాలు తలలు పట్టుకునేవారు. మా సిరస్తాదారు గారైతే అది హిందుస్తానీ ‘ఇధర్’ అనే వాదించేవారు. నాకు మాత్రం ఆ మాటలంటే మహా ముద్దు. ఇటు, అటు, ఎటు అని మూడింటికీ మూడు మాటలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఇంత సుఖమైన తర్జుమా ఇంకోటి లేదనుకునేవాణ్ణి.

ఒక వేసవిలో అప్పనపల్లి దగ్గర రేవు తగాదా వచ్చింది. అప్పనపల్లి గట్టున పోలమ్మ అనే పెద్దావిడ కుటుంబం తరతరాలుగా నావ నడుపుకుని బతుకుతోంది. అమలాపురం వైపు గట్టున ఒక కంట్రాక్టరు కొత్త పడవలు దింపి, రేవు నాదే అన్నాడు. దొర స్వయంగా వెళ్లి విచారించి హుకుం పంపాడు. ‘హిదర్’ గట్టువారే నావ నడపాలి, ‘థిదర్’ గట్టు పడవలు తీసేయాలి. నేను ఈవలి గట్టు, ఆవలి గట్టు అని రాశాను. మా కచేరీలో అందరికీ ఈవల అంటే అమలాపురం వైపే. పోలమ్మ పడవలు లాగేయడానికి బంట్రోతులు కూడా బయల్దేరారు.

ఏటి తగాదా హుకుం గట్టు మీద చదవకూడదు. ఒక గట్టువాళ్లు ముందు విన్నారంటే రెండో గట్టువాళ్లకు చిన్నతనం. అందుకని నడిఏట్లో పడవ ఆపి, డప్పు కొట్టించి చదవాలి. చదివాక మరోసారి డప్పు మోగితే హుకుం అమల్లోకి వచ్చినట్టే. పడవలో నిలబడి ‘ఈవలి గట్టువారే’ అన్నానో లేదో, రెండు గట్లవాళ్లూ ఒకేసారి కేకలు పెట్టి సంబరపడ్డారు. ఇంతలో పోటుకు పడవ గిర్రున తిరిగింది. నా ఈవల కాస్తా ఆవల అయి కూర్చుంది.

పోలమ్మ మొలలోతు నీళ్లలోకి దిగి వచ్చి కేకేసింది.

“ఏవండీ గుమాస్తా గారూ, మా పడవలు ఉన్నట్టాండీ, పోయినట్టాండీ? తిన్నగా చెప్పండి, పిల్లలున్నోళ్లం.”

మోగబోతున్న డప్పు మీద చెయ్యి వేసి ఆపాను. పడవను అటునుంచి అటే అప్పనపల్లి గట్టుకు పట్టించి, రాజోలులో మకాం ఉన్న దొర దగ్గరకు వెళ్లాను. హుకుం రాసేటప్పుడు తమరు ఎక్కడ కూర్చున్నారని అడిగాను. ఇదేం వెర్రి ప్రశ్న అన్నట్టు చూసి, అప్పనపల్లిలో డేరా ముందు, ఏటికి ఎదురుగా అన్నాడు.

మర్నాడు మళ్లీ నడిఏట్లో నిలబడి ‘అప్పనపల్లి గట్టువారే’ అని చదివాను. ఈసారి ఒక్క గట్టే కేక పెట్టింది. డప్పు మోగింది.

“ఆయ్, చదవడమంటే ఇదండీ!” అని పోలమ్మ నన్ను తన నావలోనే ఇంటివైపు దింపించింది. కంట్రాక్టరు నాతో మాట్లాడడం మానేశాడు. అదీ సుఖంగానే ఉంది.

ఇటు, అటు అన్న మాటలు చెప్పేవాడు నిలబడ్డ చోటు తెలిస్తేనే పనికొస్తాయి. కాగితం మన బల్ల మీదకు వస్తుంది, ఆ మనిషి రాడు. పింఛను పుచ్చుకునే దాకా, గట్టు పేరు రాయని హుకుం దేన్నీ నా బల్ల దాటనివ్వలేదు.