మిరప టిక్కీలో పోయిన బొమ్మల పుస్తకం

మా చిన్నప్పుడు... మిరప కోతలకి లారీ ఎక్కామంటే నా ఒళ్ళో రెండే ఉండేవి. ఒకటి నీళ్ళ మరచెంబు, రెండోది నా బొమ్మల పుస్తకం.

మాది కనిగిరి వైపు మెట్ట. ఏటా చలికాలం చివర్లో కూలి పనులకి గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళం. అమ్మ, నాన్న, నేను, మా చెల్లి చిట్టి.

పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు పేర్చి ఇస్తే, నాన్న గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టిచ్చేవాడు. అట్టకి ఎవరిదో పెళ్ళి శుభలేఖ. మరచెంబు మూతలో నీళ్ళు పోసుకుని, తిరునాళ్ళలో కొన్న రంగుబిళ్ళలతో కదిలే లారీలోనే బొమ్మలు వేసేదాన్ని. గతుకు వచ్చినప్పుడల్లా గీత వంకర పోయేది... నల్లరేగడి చేలు వచ్చేసరికి నల్లబిళ్ళ సగం అరిగేది. పత్తికి మాత్రం రంగు ఖర్చు లేదు, కాగితాన్ని అలాగే వదిలేస్తే సరి!

చిట్టిది ఒకటే గొడవ.

"అక్కా, నన్నెయ్యవా?"

"రంగులైపోతాయే, కూర్చో" అని కసిరేదాన్ని. అంత పిసినారిదాన్ని నేను.

చిట్టికి ఆరేళ్ళున్న ఏడు, కోతలు ముగిసే వారంలో, ఎట్టకేలకు ఆఖరి పేజీలో దాన్ని వేశాను. ఎర్రటి మిరపకాయల రాశి పక్కన రెండు జడలు, ఊడిన పన్ను, బుగ్గ మీద పుట్టుమచ్చ... చీమ కుట్టినా కదల్లేదు పాపం.

ఆ సాయంత్రమే వాన ముంచుకొచ్చింది. కల్లంలో ఆరబోసిన కాయలు ఎత్తడానికి అందరూ పరుగులు. మేముండే పాకేమో కురుస్తుంది. వానొస్తే మావాళ్ళు పిల్లల కన్నా ముందు మిరపకాయల మీదే పట్టా కప్పుతారు. తడవని చోటంటే అదేననుకున్నాను. సగం నింపిన టిక్కీలో, అదే మిరపకాయల బస్తాలో, పుస్తకాన్ని లోపలికంటా దూర్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పొద్దున్నే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి టిక్కీలు లేవు. తొక్కి, కుట్టి, ట్రాక్టర్ మీద వేసి గుంటూరు మిర్చి యార్డుకి పంపేశారు. కుట్టింది నాన్నే... అదే దబ్బనంతో.

గుండెలు బాదుకుంటూ రోడ్డు దాకా పరిగెత్తాను. నాన్న వెనకే వచ్చి పట్టుకున్నాడు.

"పిచ్చిమొహమా, అన్ని టిక్కీల్లో ఏదని విప్పిస్తారే? ఇంటికెళ్ళాక ఇంకోటి కుట్టిస్తాలే."

చిట్టి తన గౌను అంచుతో నా ముఖం తుడిచింది. "ఏడవకక్కా... మళ్ళీ కూర్చుంటాలే. కదలనుగా!"

మళ్ళీ కూర్చోలేదు. ఇంటికొచ్చిన పది రోజులకే జ్వరం తగిలింది. ఒంగోలు తీసుకెళ్తుంటే దారిలో, బస్సులోనే, అమ్మ ఒళ్ళోనే పోయింది.

దానికి ఒక్క ఫోటో కూడా తీయించలేదు మేం.

నాన్న అన్న మాట ప్రకారం కొత్త పుస్తకం కుట్టిచ్చాడు. ఎన్నిసార్లు వేశానో... జడలు వస్తాయి, గౌను వస్తుంది, ముఖం మాత్రం రాదు. మచ్చ కుడి బుగ్గ మీదంటుంది అమ్మ. కాదు, ఎడమంటాడు నాన్న. ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసినదాన్ని, నాకే గుర్తులేదు! నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో రోజుకి పాతిక ఫోటోలు దిగుతుంది. ముచ్చటగానే ఉంటుంది.

తొంభైల చివర్లో మీ ఇంట్లో ఎవరైనా యార్డులో పనిచేశారా? టిక్కీ విప్పితే శుభలేఖ అట్ట వేసిన పుస్తకం దొరికిందని ఎప్పుడైనా అన్నారా? ఒక్కసారి అడగండి... ఇన్నేళ్ళకి ఇదేం పిచ్చని నవ్వకండి.

పుస్తకం ఇవ్వక్కర్లేదు. ఆఖరి పేజీ చూసినవాళ్ళుంటే, ఆ మచ్చ ఏ బుగ్గ మీదుందో చెప్పండి చాలు.