చూడలేదని చెప్పాను

మొయినాబాద్‌లో మాకు కిరాణా షాపు ఉంది. పక్క మడిగెలో యాదమ్మ బట్టలు కుట్టేది. మూడేళ్ల క్రితం తన మెట్లకు అడ్డంగా బండి పెట్టవద్దన్నందుకు, మా మరిది కోపంతో ఆమె కుడిచేయి మెలిపెట్టాడు. గల్లా దగ్గర కూర్చుని చూస్తున్న నాకు ఎముక విరిగిన చప్పుడు కూడా వినబడింది. ఆ చేత్తో ఆమె మళ్లీ కత్తెర పట్టలేకపోయింది.

ఎముక విరిగితే తీవ్ర గాయం కిందికే వస్తుందని, ఏడేళ్ల దాకా జైలు పడవచ్చని వకీలు చెప్పాడు. "నీ మాట మీదనే వాని బతుకున్నది బిడ్డా" అని అత్తమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

చేవెళ్ల కోర్టులో బోనెక్కాను. యాదమ్మ ఎదురుగానే ఉంది.

"నేను లోపల సామాన్లు సదురుతున్న సార్. ఏం చూడలె" అన్నాను.

చూసినవాళ్లు వేరే ఎవరూ లేక తర్వాత కేసు వీగిపోయింది. సాక్ష్యం చెప్పిన రోజే కోర్టు బయట యాదమ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందేమోనని తల వంచుకున్నాను.

"చూసినోళ్లు ఎవరని పోలీసులు అడిగితే, నువ్వైతే అబద్ధం ఆడవని నీ పేరే చెప్పిన అక్కా" అని బస్టాండ్ వైపు వెళ్లిపోయింది.

మరిదికి ఇప్పటికీ నేనే అన్నం వడ్డిస్తున్నాను. ఇక నిజం చెబుదామన్నా అడిగేవాళ్లెవరూ లేరు.