రమణమ్మగారు అడిగిన కాగితం

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల కట్ట వేడిగా చేతికి తగిలితే చాలు, నాకు ఇప్పటికీ లవంగం వాసన వస్తుంది. అది శ్యామలగారి వాసన. అమెరికాలో, జెర్సీ సిటీలోని ఆవిడ లా ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు, బుగ్గన లవంగం పెట్టుకుని ప్రతి కేసు రికార్డునూ నాచేత మొదటినుంచి చివరిదాకా పైకి చదివించేవారు. కళ్ళతో చదివితే మనకు కావలసిందే కనబడుతుందట. గొంతు పోయేది నాకు, లవంగం మాత్రం ఆవిడ నోట్లో.

అసైలమ్, అంటే స్వదేశంలో ప్రాణభయం ఉన్నవాళ్ళకిచ్చే ఆశ్రయం, నిరాకరించిన తీర్పులను ఫెడరల్ అప్పీల్ కోర్టులో సవాలు చేయడం ఆవిడ పని. అక్కడ సాక్షులుండరు, కొత్త ఆధారాలు తీసుకోరు. కింద జరిగిన విచారణ రికార్డు చూసి, తీర్పు సరైనదా కాదా అన్నదొక్కటే తేలుస్తారు.

రమణమ్మగారి కేసు అలాగే వచ్చింది. గోదావరిలో ఇసుక దొంగతవ్వకాల మీద ఫిర్యాదు చేశాడని ఆవిడ భర్తను చంపేశారు. సాక్ష్యం చెబుతానన్నందుకు ఆవిడనూ చంపుతామన్నారు. వెనక్కి పంపితే ప్రాణాలు దక్కవు. ఇమిగ్రేషన్ జడ్జి మాత్రం, భర్త పేరే చెప్పలేని మనిషి చెప్పేదంతా కట్టుకథ అని తేల్చేశాడు. పైన అప్పీల్ బోర్డు కూడా ఔనంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి పేరు నోటితో అనని ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఆ సంగతి వివరిస్తూ ఎవరైనా ప్రొఫెసర్‌చేత అఫిడవిట్ రాయిద్దామన్నాను. శ్యామలగారు తలైనా ఎత్తలేదు.

"రికార్డులో లేనిది ఈ కోర్టుకి జరగనట్టే. నీకు కోపమొచ్చిందని రూల్ మారదు. చదువు."

చదివాను. భర్త పేరేమిటని ప్రశ్న. మౌనం. మళ్ళీ అదే ప్రశ్న. కాగితం ఇస్తే రాసిస్తానంటోందని దుబాసీ చెప్పాడు. నోటితోనే చెప్పాలన్నాడు జడ్జి. మళ్ళీ మౌనం. నేను చదువుకుంటూ ముందుకు వెళ్ళిపోతుంటే శ్యామలగారు బల్ల మీద చరిచి ఆపారు. కాగితం అడిగిన సంగతి తీర్పులో ఎక్కడైనా ఉందేమో చూడమన్నారు. ఎంత వెతికినా లేదు.

"చాలు," అన్నారు. "పేరు తెలియనివాళ్ళు కాగితం అడగరమ్మా."

టీ తాగుతూ, మీవారి పేరేమిటి మేడమ్ అని ఆటపట్టించాను. బయట బోర్డు మీద ఉంది, వెళ్ళి చదువుకోమన్నారు. ఆయనా లాయరే. కోర్టులో ఎవరినైనా పేరుపెట్టి నిలదీసే ఆవిడ, ఆయన్ని మాత్రం "ఏమండీ" అనేవారు.

ముగ్గురు జడ్జీల ముందు వాదన రోజున ఆవిడ మన ఆచారాల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ప్రశ్నలూ జవాబులూ ఉన్నవి ఉన్నట్టు చదివి ఊరుకున్నారు. కాగితం ఇస్తే పోయేదేమిటని ఒక జడ్జి ప్రభుత్వ లాయర్ని అడిగారు. కేసు మళ్ళీ వినమని కిందికి పంపారు. ఈసారి కాగితం ఇచ్చారు. రమణమ్మగారు పేరు రాసి, దాని మీంచి చాలాసేపు చెయ్యి తీయలేదు. అసైలమ్ వచ్చింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

శ్యామలగారు రిటైరై ఇప్పుడు క్యారీ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను కింది విచారణల్లో నిలబడే లాయర్నయ్యాను. మొదటి విచారణలో రమణమ్మగారి పక్కనా ఒక లాయరున్నాడు. ఆవిడ కాగితం అడిగినచోట అతని మాట ఒక్కటీ లేదు. అందుకే నా క్లయింట్ నోరు పెగలక ఆగిపోయినప్పుడల్లా నేను లేచి, సాక్షి చేతులు వణుకుతున్నాయి, కాగితం అడుగుతోంది, రికార్డు చేయండి అంటాను. కొందరు జడ్జీలు విసుక్కుంటారు. విసుక్కోనీ, అదీ రికార్డులోకే వెళ్తుంది.